చీరాల నుంచి త్యాగరాయ నగరానికి: నాలుగు రోజులు

మొదటి రోజు

పినాకిని ఎక్స్‌ప్రెస్ చీరాలలో ఎక్కువసేపు ఆగదు. మా బాబాయికి డెబ్బై ఆరేళ్లు, పైగా మోకాళ్ల నొప్పులు. ఆయన బండెక్కేదాకా నాకు టెన్షనే. ఆయన మాత్రం చేతిసంచి గుండెకు హత్తుకుని నాకంటే ముందే పెట్టెలోకి వెళ్లిపోయాడు. కిటికీ పక్కన కుదురుకున్నాక సంచి తెరిచి చూపించాడు. ఒక జత బట్టలు, మందుల డబ్బా, వాటి మధ్య పాత పేపర్లో చుట్టిన నూలు చిలప, అంటే నూలు పోగుల చుట్ట ఒకటి. రంగు వెయ్యని తెల్ల నూలు.

“ఇదెందుకు బాబాయ్?”

“పూలదండ ఎవరైనా వేస్తారురా. నేతోడికి నేతోడు చిలప వెయ్యాల.”

ఈ ప్రయాణం మొదలైంది ఆయన అడిగిన ఒక ప్రశ్నతో. మా ఇంట్లో ఏ పెళ్లి వచ్చినా బట్టలకి, బంగారానికి మద్రాసు టీనగర్ వెళ్లడం ముప్పై ఏళ్లుగా అలవాటు. కిందటేడు అట్లా వెళ్లొచ్చాక బాబాయి అన్నాడు: “ఇన్నిసార్లు పోయొచ్చాం, ఆ టీ అంటే ఏందిరా?” త్యాగరాయ నగర్ అని చెప్పాను. ఆ త్యాగరాయ ఎవరని అడిగితే పాటల త్యాగరాజస్వామేమో అనుకున్నాను. కాదు. పిట్టి త్యాగరాయ చెట్టి. 1852 ఏప్రిల్ 27న పుట్టారు. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబం, నేత గుడ్డల మీద బతికిన ఇల్లు. ప్రెసిడెన్సీ కాలేజీలో బీఏ చదివి, 1882లో మద్రాసు కార్పొరేషన్‌లో అడుగుపెట్టి, 1922 దాకా అక్కడే ఉన్నారు. నలభై ఏళ్లు! ఆ మాట చెప్పగానే బాబాయి “మనోడా!” అన్నాడు. మర్నాడే టికెట్లు తియ్యమన్నాడు.

కానీ ఒంగోలు దాటాక బాబాయి మొహం మారింది. ఎందుకో నాకు తెలుసు. ముందు రాత్రే ఆయనకి మిగతా కథ కూడా చెప్పాను.

మా నాయనమ్మ పుట్టింది 1921లో, చీరాల ఊరి బయట రామ్‌నగర్‌లో, తాటాకు పాకలో. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన సంగతి ఇది. చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి 1919లో మునిసిపాలిటీ చేశారు. పంచాయతీ లాంటి యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలయింది. ఊళ్లో ఎక్కువమంది నేతపనివాళ్లు, రెక్కాడితేగానీ డొక్కాడని కుటుంబాలు. మునిసిపాలిటీ వద్దని మొరపెట్టుకున్నారు, పన్ను కట్టేది లేదన్నారు, జైళ్లకు వెళ్లారు. 1921 ఏప్రిల్లో గాంధీగారు చీరాల వచ్చారు. ఆ తర్వాత దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఊరికి ఊరే ఇళ్లకు తాళాలు వేసి బయటికొచ్చేసింది. పదమూడు వేల మంది దాకా జనం పదకొండు నెలలు పాకల్లో ఉన్నారు. ఆ పాకల ఊరే రామ్‌నగర్. నిండు చూలాలైన మా ముత్తవ్వ కూడా మగ్గం సామాను బండికెత్తించి ఆ బండి వెంట నడిచింది.

అప్పుడు మద్రాసులో మంత్రివర్గం ఎవరిది? బ్రాహ్మణేతరులు పెట్టుకున్న జస్టిస్ పార్టీది. ఆ పార్టీ అధ్యక్షుడు ఎవరు? త్యాగరాయ చెట్టి.

“మనోడే మనోళ్ల మీద పన్నేసినాడంటావా?” అని బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు. అది నేరుగా ఆయన వేసిన పన్ను కాదు. మునిసిపాలిటీ పెట్టింది అంతకుముందున్న ప్రభుత్వం. 1920 డిసెంబరులో జస్టిస్ పార్టీ అధికారంలోకి వచ్చాక స్థానిక పాలన శాఖ పానగల్లు రాజా రామరాయణింగారి చేతికి వచ్చింది. ఆయనా తెలుగాయనే. చీరాల గోడు విని మునిసిపాలిటీని ఎత్తేసే అధికారం ఆయనకుంది, ఎత్తెయ్యలేదు. ఇదంతా చెప్పాను. బాబాయి నెల్లూరు వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం సెంట్రల్లో దిగి, గదిలో సామాను పెట్టి, సాయంత్రం పాండీబజారుకి వెళ్లాం. ఆ బజారు ఉన్న రోడ్డు అసలు పేరు సర్ త్యాగరాయ రోడ్డు. ఇప్పుడు కాలిబాటలు వెడల్పు చేశారు, కూర్చోడానికి బల్లలు వేశారు. అక్కడ నిలబడి చూస్తే ఒకప్పుడు ఇదంతా చెరువు అంటే నమ్మబుద్ధి కాదు. మాంబళం వైపు లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువుండేది. 1923 నుంచి ఆ నీళ్లు తీసేసి, పూడ్చి, ప్లాట్లు వేసి నగరం కట్టారు. వీధులకి పేర్లు పెట్టిన జస్టిస్ పార్టీవాళ్లు తమ పార్టీ మొత్తాన్నీ ఇక్కడ కాపురం పెట్టారు. డాక్టర్ నాయర్ రోడ్డు, ఉస్మాన్ రోడ్డు, జి.ఎన్.చెట్టి రోడ్డు, నటేశన్ పార్కు, నడిమధ్యన పానగల్ పార్కు. సినిమావాళ్ల కాలంలో తెలుగువాళ్లకి ఈ వీధులన్నీ ఇంటిపేర్లంత పరిచయం. ఆ పేర్ల వెనక మనుషుల్ని మాత్రం ఎవరూ పరిచయం చెయ్యలేదు.

పానగల్ పార్కులో చెట్ల కింద బల్ల మీద కూర్చున్నాం. “ఇది ఆ మంత్రి పేరేగా?” అన్నాడు బాబాయి. అవునన్నాను. ఆయన లేచి అవతలి గేటు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. నేను బలవంతం చెయ్యలేదు.

రెండో రోజు

పొద్దున్నే రిప్పన్ బిల్డింగ్. సెంట్రల్ స్టేషన్ పక్కనే, తెల్లగా, నడుమ గడియారం గోపురంతో ఉంటుంది. 1913లో తెరిచారు. మద్రాసు కార్పొరేషన్ మాత్రం అంతకంటే ఎంతో పాతది, 1688లో పెట్టింది. ఆ కార్పొరేషన్‌కి అధ్యక్షుడి కుర్చీ అప్పటిదాకా సర్కారు అధికారులదే. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి అనధికారి త్యాగరాయ చెట్టి. భవనం ముందు ఆయన విగ్రహం ఉంది.

బాబాయి చెప్పులు విడిచి, చిలప పేపరు విప్పాడు. నూలు మడతలు పడి ఉంది. దాన్ని రెండు చేతులకి తగిలించుకుని ఒక్కసారి విదిలించాడు, చిలప గుండ్రంగా తెరుచుకుంది. కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. వేస్తాడా, వెయ్యడా అని చూస్తున్నాను. చివరికి విగ్రహం కింద గట్టు మీద మెల్లగా పరిచి, గాలికి ఎగరకుండా పక్కనున్న చిన్న రాయి పెట్టాడు. అక్కడున్న కాపలా ఆయన ఏదో అడగబోయి, బాబాయి మొహం చూసి ఊరుకున్నాడు.

“పన్ను సంగతి నేను మర్చిపోలే. కానీ నలభై ఏళ్లు కూర్చోడం అంటే మాటలు కాదురా. మగ్గం గుంటలో కూర్చున్నోడికి తెలుస్తది” అన్నాడు.

నాకు త్యాగరాయ చెట్టి మీద గౌరవం పెరిగింది ఒక విషయం దగ్గర. 1920లో కొత్త పాలనా సంస్కరణల కింద మద్రాసు శాసన మండలికి మొదటి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ బహిష్కరించింది. 98 సీట్లలో 63 జస్టిస్ పార్టీకి వచ్చాయి. గవర్నర్ విల్లింగ్డన్ పార్టీ నాయకుడిగా త్యాగరాయ చెట్టినే మంత్రివర్గం ఏర్పాటు చెయ్యమని పిలిచాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆ పదవి సుబ్బరాయలు రెడ్డియార్‌కి వెళ్లింది, కొన్ని నెలలకి పానగల్లు రాజాకి. త్యాగరాయ చెట్టి కార్పొరేషన్‌లోనే ఉండిపోయారు. మురుగు కాలవలు, మంచినీళ్లు, ప్రాథమిక బడులు చూసుకునే కుర్చీ అది. మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీని ఏలే పదవి చేతికొస్తే వదిలి, ఆ కుర్చీలో ఉండటం చిన్న సంగతి కాదు.

అంతకుముందు కథ కూడా చెప్పాలి. ఆయనా ఒకప్పుడు కాంగ్రెస్‌లో ఉన్నవారే. 1916లో ఎన్నికల్లో ఓడిపోయారు. అదే ఏడాది డాక్టర్ టి.ఎం.నాయర్ కూడా ఓడిపోయారు. ఈ ఇద్దరికీ కార్పొరేషన్‌లో ఒకరంటే ఒకరికి పడేది కాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టిన మనిషి డాక్టర్ నటేశ ముదలియార్. ఊళ్ల నుంచి చదువుకోడానికి వచ్చిన బ్రాహ్మణేతర పిల్లలకి మద్రాసులో ఉండటానికి చోటు దొరక్కపోతే తిరువల్లిక్కేణిలో హాస్టల్ పెట్టినాయన. 1916 నవంబరు 20న వేపేరిలో ఒక ఇంట్లో అందరూ కలిశారు. జస్టిస్ పార్టీగా పేరుపడిన సంఘం అక్కడ పుట్టింది. ఇంగ్లీషులో జస్టిస్, తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్రప్రకాశిక వాళ్ల పత్రికలు. మద్రాసు రాజకీయం మూడు భాషల్లో నడిచిన రోజులవి.

సెంట్రల్లో మెట్రో ఎక్కాం. హైకోర్టు, మన్నడి, వాషర్‌మన్‌పేట, ఆ తర్వాతి స్టేషన్ పేరే సర్ త్యాగరాయ కాలేజ్. బండిలో ఆ పేరు వినపడగానే బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ స్టేషన్ 2021లో తెరిచారు. బయటికొస్తే పాత వాషర్‌మన్‌పేట. కంపెనీ రోజుల్లో ఎగుమతి గుడ్డని ఉతికి, చలువ చేసేవాళ్లు ఉన్న పేట, పేరు అందుకే. కాలేజీ 1950లో పెట్టారు, ఆయన పోయిన పాతికేళ్లకి. గేటు దగ్గర పిల్లలు గుంపులు గుంపులుగా ఉన్నారు. ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివేవాళ్లలా కనిపించారు.

అక్కణ్ణుంచి ఎం.సి.రోడ్డుకి నడిచాం. రోడ్డు పొడుగునా చీరల దుకాణాలు. ఒక కొట్లో బాబాయి గుడ్డ చివర వేళ్ల మధ్య పెట్టి నలుపుతుంటే, గల్లా దగ్గరున్న పెద్దాయన తెలుగులో అడిగాడు, “మీరు నేతోళ్లా?”

“చీరాల.”

“అట్లనా! మా తాత కాలంలో చీరాల రుమాళ్లు ఇక్కడికే వస్తా ఉండె.”

ఇంక వాళ్లిద్దర్నీ ఆపడం ఎవరి తరం? మద్రాసు రుమాలు అని ప్రపంచమంతా పిలిచే గుడ్డ చాలావరకు నేసింది మా చీరాల వైపే. రేవు మద్రాసు కాబట్టి పేరు మద్రాసుది. 36 అంగుళాల చదరాలు, ఎరుపూ నీలం గళ్లు, ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లేవి. నైజీరియాలో కలబరి వాళ్లకి పుట్టుకకీ చావుకీ ఆ గుడ్డ ఉండాల్సిందే. బాబాయి చిన్నతనంలో కూడా ఆ రుమాళ్లు నేశాడు. మగ్గం ఎట్లా ఆడేదో ఆయన కొట్టు మధ్యలో నిలబడి చేతులతో చూపించాడు. పాత పద్ధతిలో అడ్డపోగు మోసే నాడెని ఒక చేత్తో తోసి, ఇంకో చేత్తో అందుకోవాలి. గుడ్డ పన్నా చెయ్యి చాచినంతే. ఫ్లై షటిల్ వచ్చాక తల పైన తాడు ఒకటి వేలాడుతుంది. కుడిచేత్తో దాన్ని టక్కున లాగితే నాడె పడుగు (నిలువు పోగులు) మధ్యలోంచి ఆ చివరికి పరుగెడుతుంది, మళ్లీ లాగితే వెనక్కి. ఎడమచెయ్యి ఖాళీ అయి, పోగుని దగ్గరికి నొక్కే పలక కొట్టే పనిలో పడుతుంది. పన్నా పెరిగింది, రోజుకి నేసే గజాలూ పెరిగాయి.

ఇక్కడే త్యాగరాయ చెట్టి మళ్లీ వస్తారు. చేనేత చచ్చిపోతోందని అందరూ బాధపడుతున్న కాలంలో ఆయన ఫ్లై షటిల్ మగ్గాలు పెట్టి మద్రాసులో నేతశాల నడిపించారు. దక్షిణ భారత వర్తక మండలికి అధ్యక్షుడిగానూ ఉన్నారు. ఈ సంగతి చెప్పేసరికి బాబాయి చెయ్యి గాల్లో, తాడు లాగుతున్నట్టే ఆగిపోయింది. “ముందే చెప్పొద్దూ” అన్నాడు నాతో కోపంగా. చిలప వేసినందుకు ఆయనకి మనసు కుదుటపడింది ఆ క్షణంలోనే అనుకుంటాను.

కొట్టు పెద్దాయన టీ తెప్పించాడు. మనవలకి తెలుగు రాదని, తను పోతే ఆ ఇంట్లో తెలుగు పోతుందని చెప్పాడు. ఉత్తర మద్రాసులో ఇట్లాంటి ఇళ్లు ఎన్నో.

మూడో రోజు

ఈ రోజు పని థౌజండ్ లైట్స్ దగ్గర. మసీదు పేరు మీద ఆ ప్రాంతానికి ఆ పేరు.

1920లో ఇక్కడి కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టాలని కార్పొరేషన్ తీర్మానం చేసింది. ఒక్కో పిల్లవాడికి రోజుకి ఒక అణా మించకూడదు. పిల్లలు బీదవాళ్లని, అందుకే బడికి రావడం తగ్గిపోతోందని అధ్యక్షుడు త్యాగరాయ చెట్టి సభలో చెప్పారు. తర్వాత ఇంకో నాలుగు బడులకి పెంచారు. 1922-23లో ఆ బడులన్నింటిలో పిల్లలు 811 మంది. 1924-25కి 1,671. రెండేళ్లలో రెట్టింపు! అన్నం పెడితే పిల్లలు బడికి వస్తారని ఇప్పుడు మనకి తెలిసినట్టు అనిపిస్తుంది. అప్పుడు దాన్ని ఖర్చు పెట్టి, లెక్క రాసి చూపించింది ఈ ఐదు బడులే. ప్రాథమిక విద్య నిధి నుంచి ఈ ఖర్చు పెట్టకూడదని పైనున్న ప్రభుత్వం అడ్డుపడింది. 1925 ఏప్రిల్ 1 నుంచి భోజనం ఆగిపోయింది. అదే నెల 28న త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. డెబ్బై మూడో పుట్టినరోజు అయిన మర్నాడు.

ఒక చిన్న వీధిలో కార్పొరేషన్ బడి ముందు నిలబడ్డాం. బడి మొదలవకముందే పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. తమిళనాడులో ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2022లో మొదలైంది. ఆ రోజు కిచిడీ, సాంబారు. గేటు కమ్మీల్లోంచి కనిపిస్తోంది. ఒక పాప జడలకి రిబ్బన్లు కట్టుకుని, పళ్లెంలో కూరగాయ ముక్కలన్నీ ఏరి ఒక పక్కకి పెట్టి, కిచిడీ అంతా అయ్యాక ఆ ముక్కల్ని ఒక్కొక్కటే తింది, దాచుకున్న మిఠాయిలా. బాబాయి ఆ పాప తినడం అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మన రాష్ట్రంలో బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో అడిగినవాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి, ఆ పేరుకి తగిన మనిషి. కానీ పన్నుల డబ్బుతో, సర్కారు బడిలో, రోజూ పెట్టాలన్న ఆలోచన వందేళ్ల కిందట చేసిన తెలుగాయన పేరు మన పిల్లల పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

మధ్యాహ్నం మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి కుంభాభిషేకానికి త్యాగరాయ చెట్టి పది వేల రూపాయలిచ్చారని, తీరా వెళ్తే పైన వేదిక మీద బ్రాహ్మణులకే చోటని ఆయన్ని కింద నిలబెట్టారని, ఆయన దగ్గర పనిచేసే గుమాస్తాలు పైన ఉన్నారని ద్రావిడ ఉద్యమం వాళ్లు చెప్పుకునే కథ. దేవుడి మీద భక్తి ఆయనకి పోలేదు. పార్టీ పెట్టారు. కోనేటి మెట్ల మీద కూర్చుని ఈ కథ చెబితే బాబాయి అన్నాడు, “మా నాన్ననీ ఒక గుళ్లో అట్టాగే నిలబెట్టారు. ఏ ఊరని అడగమాక.”

నేను అడగలేదు.

నాలుగో రోజు

తిరుగు ప్రయాణం. పిల్లలకి పాలకోవా కొనుక్కుని బండెక్కాం.

సూళ్లూరుపేట దాటాక బాబాయి నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, చిలప చుట్టి తెచ్చిన ఆ పాత పేపరు అంచు మీద లెక్క వెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన మాస్టర్ వీవర్ దగ్గర ముప్పై ఏళ్లు కూలి లెక్కలు చూసుకున్న మనిషి.

“రూపాయికి పదహారణాలు. మన ఊరి పన్ను నలభై వేలు. ఎన్ని అణాలైతయి?”

“ఆరు లక్షల నలభై వేలు.”

“పిల్లలు చివరికెంతమందన్నావు?”

“పదహారు వందల డెబ్బై ఒక్కరు.”

బడి ఏడాదికి రెండు వందల రోజులు అనుకున్నాడు. గుణించాడు. మూడు లక్షల ముప్పై నాలుగు వేల రెండు వందల అణాలు. అంటే రూపాయల్లో ఇరవై ఒక్క వేలకి కొంచెం తక్కువ. ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు.

“చీరాల దగ్గర అడిగిన దాంట్లో ఇంచుమించు సగంతో ఐదు బళ్ల పిల్లలకి ఏడాదంతా తిండి పెట్టొచ్చు.”

“అవును బాబాయ్.”

“మరి మన ఊళ్లో ఆ డబ్బుతో ఏం పెడతామో ఎవరైనా మనోళ్లకి చెప్పారా?”

నేను చదివినంతలో చీరాలకి వచ్చింది పన్ను నోటీసులు, జప్తులు, అరెస్టులు. దుగ్గిరాలగారిని బరంపురంలో పట్టుకుని ఏడాది జైల్లో పెట్టారు. పాకలు ఎండకి ఎండి, వానకి తడిసి, చివరికి జనం ఓపిక అయిపోయి ఇళ్లకు తిరిగొచ్చారు. అప్పటికి మునిసిపాలిటీ ఉండిపోయింది. అదే చెప్పాను.

బాబాయి పేపరు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒంగోల్లో ఎవరో చెరకురసం సీసాలు అమ్ముతుంటే రెండు కొన్నాడు, ఒకటి నాకిచ్చాడు.

చీరాలలో దిగాక ఆటో అతను ఇల్లెక్కడని అడిగితే బాబాయి ముందు రామ్‌నగర్ మీదుగా పోనియ్యమన్నాడు. ఇప్పుడక్కడ పాకలు లేవు, డాబాలు. ఒక మలుపు దగ్గర ఆటో ఆపించి, దిగకుండానే తల బయటికి పెట్టి చూశాడు. మా నాయనమ్మ ఎప్పుడో చూపించిన చోటంట అది.

“ఇక పోనీ అబ్బాయ్” అన్నాడు.